తోసివేయగలిగినంత బరువు

పుష్యమాసపు చలిలో, పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంత కింద ముడుచుకుని పడుకోవడం చాలామందికి బాల్యస్మృతులలో ఒకటి. బొంత వెచ్చగా ఉండేదన్న మాట నిజమే. ఆ వెచ్చదనంతోపాటు దానికొక బరువు కూడా ఉండేది. కాళ్ల మీదా, పొట్ట మీదా, భుజాల మీదా సమంగా పరచుకున్న ఆ బరువు కింద ఎంతటి అల్లరి పిల్లలయినా కొంతసేపటికి సద్దుమణిగేవారు. తెలంగాణ పల్లెలలో గొర్రెల కాపరులు కప్పుకునే నల్లని గొంగడికీ, ఉత్తరాది ఇళ్లలో దూది దట్టించిన రజాయికీ ఈ గుణమే ఉన్నది. కృత్రిమ నూలు వచ్చిన తరువాత దుప్పట్లు తేలికపడ్డాయి. తేలికగా ఉండడమే మేలిరకానికి గుర్తు అయింది. తీరా ఇప్పుడు, పోగొట్టుకున్న ఆ బరువునే డబ్బు పోసి కొనుక్కునే రోజులు వచ్చాయి.

వెయిటెడ్ బ్లాంకెట్ అని దీనికి పేరు. బరువు దుప్పటి అనుకుంటే సరిపోతుంది. మానసిక, శారీరక పునరావాస చికిత్సలు చేసేవారు కొన్ని దశాబ్దాలుగా వాడుతున్న ఈ వస్తువు అంగడికెక్కి ఎంతో కాలం కాలేదు. 2017లో అమెరికాలో ఒక సంస్థ ఇటువంటి దుప్పటి తయారు చేస్తామని చెప్పి, ప్రజలనుంచి ముందుగానే సొమ్ము కోరితే, 40 లక్షల డాలర్లకు మించి పోగయింది. నిద్రలేనివారు లోకంలో ఎంతమంది ఉన్నారో చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలును.

అంగట్లో దొరికే బరువు దుప్పట్లలో ఎక్కువ భాగం రెండు గుడ్డల నడుమ గళ్లు గళ్లుగా కుట్టి, ఒక్కొక్క గడిలో సన్నని గాజుపూసలు పోసినవి. వాటిని చూడగానే క్రోషియా సూది పట్టడం వచ్చిన ఏ ఇల్లాలికయినా కలిగే ఆలోచన ఒక్కటే: ఈ పాటి నేను అల్లలేనా? అల్లగలరు. నిజానికి అల్లిన దుప్పటికి కుట్టిన దుప్పటికి లేని సుగుణాలు కొన్ని ఉన్నాయి. అయితే మామూలు దుప్పటి అల్లేటప్పుడు రంగులు కుదిరాయా, అంచు వంకర పోయిందా అని మాత్రమే చూసుకుంటాము. ఇక్కడ మరొక ప్రశ్న ఉన్నది. అది ఈ దుప్పటి చరిత్ర తెలిస్తే గాని అర్థం కాదు.

టెంపుల్ గ్రాండిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1947లో జన్మించింది. ఆమెకు ఆటిజం ఉన్నది. పసితనంలో ఎవరయినా అక్కున చేర్చుకుంటే భరించలేకపోయేది. కాని ఆ హత్తుకోవడం ఇచ్చే ఊరట కోసం లోలోపల తహతహలాడేది. యౌవనారంభంలో ఆరిజోనాలో బంధువుల పశుక్షేత్రానికి వెళ్లినప్పుడు, టీకాలు వేయడానికి పశువులను రెండు వైపుల నుంచీ పలకలతో అదిమిపట్టే బోను ఒకటి ఆమె కంటబడింది. బెదురుతూ వచ్చిన పశువులలో కొన్ని ఆ పలకల నడుమ నెమ్మదించడం గమనించింది. తానూ అందులో దూరి చూసింది. మనసు కుదుటపడింది. తరువాత 18 ఏళ్ల వయసులో తనకోసం తానే అటువంటి యంత్రం ఒకటి చెక్కలతో తయారు చేసుకున్నది. పశుశాస్త్రంలో ఆచార్యురాలయిన తరువాత, 1992లో ఆ యంత్రాన్ని గురించీ, శరీరాన్ని గట్టిగా, సమంగా అదమడం వల్ల కలిగే శాంతిని గురించీ వైద్యపత్రికలో వ్యాసం ప్రకటించింది.

ఈ కథలో అందరికీ గుర్తుండేది పశువుల బోను. గుర్తుంచుకోవలసినది మాత్రం ఆ యంత్రానికి ఉన్న మీట. ఎంత అదమాలో, ఎప్పుడు వదలాలో నిర్ణయించే ఆ మీట లోపల ఉన్న మనిషి చేతికే అందుతుంది. మరొకరు బయట నిలబడి అదిమితే అది ఓదార్పు కాదు, నిర్బంధం. బరువు దుప్పటికి మీట లేదు. కప్పుకున్న మనిషి చేతులే దానికి మీట. ఆ చేతులు ఎప్పుడు తలచుకుంటే అప్పుడు దానిని తోసివేయగలిగినంతవరకే ఆ బరువు మేలు చేస్తుంది. ఎంత బరువుతో అల్లాలి అనే లెక్క అంతా ఈ సూత్రం చుట్టూనే తిరుగుతుంది.

మేలు నిజంగా చేస్తుందా అని అడిగేవారు ఉండకపోరు. అడగడం న్యాయమే. స్వీడన్‌లో మానసిక రుగ్మతలతోపాటు నిద్రలేమితో బాధపడుతున్న 120 మంది మీద జరిగిన పరిశోధన 2020లో ప్రచురితమయింది. కొందరికి లోహపు గొలుసులు పొదిగిన 8 కిలోల దుప్పటి, అది మరీ బరువనుకున్నవారికి 6 కిలోలది ఇచ్చారు. మిగిలినవారికి చూపులకు అటువంటిదే, కిలోన్నర దుప్పటి. నాలుగు వారాల తరువాత చూస్తే, బరువు దుప్పటి కప్పుకున్నవారిలో దాదాపు 60 శాతం మందికి నిద్రలేమి తీవ్రత సగానికి సగం తగ్గింది. తేలిక దుప్పటివారిలో అటువంటివారు 5 శాతం పైచిలుకు మాత్రమే. అంకెలు ఘనంగానే ఉన్నాయి. కాని మందుబిళ్లల పరీక్షలో అసలు బిళ్ల ఏదో ఉత్తుత్తి బిళ్ల ఏదో రోగికి తెలియకుండా దాచవచ్చును. ఒంటిమీద ఉన్న ఎనిమిది కిలోలను కప్పుకున్నవారికి తెలియకుండా దాచడం ఎవరి తరమూ కాదు. నమ్మకం చేసిన పని ఎంతో, బరువు చేసిన పని ఎంతో వేరు చేయడం కష్టం.

అంతకుముందు 2014లో బ్రిటన్‌లో ఆటిజం ఉన్న పిల్లల మీద జరిగిన మరొక పరిశోధన ఫలితం ఇంకొక విధంగా ఉన్నది. మణికట్టుకు పరికరం కట్టి కొలిచి చూస్తే, బరువు దుప్పటి వల్ల ఆ పిల్లలు అదనంగా నిద్రపోయిందేమీ లేదు. అయినా ఏ దుప్పటి నచ్చిందని అడిగితే పిల్లలూ తల్లిదండ్రులూ బరువయినదానివైపే మొగ్గారు. దీనిని శాస్త్రవేత్తలు వైఫల్యంగానే నమోదు చేస్తారు, అది వారి ధర్మం. రాత్రి పన్నెండు గంటలకు పిల్లవాడి పక్కన కూర్చున్న తల్లికి మాత్రం, కొలతలో కనిపించని ఆ ఇష్టం కూడా అక్కరకు వచ్చేదే.

ఇక అల్లిక సంగతి. ఎంత బరువు ఉండాలన్న ప్రశ్నకు లోకంలో ప్రచారంలో ఉన్న జవాబు, కప్పుకునే మనిషి బరువులో పదోవంతు అని. దీనికి వాడుక తప్ప గట్టి శాస్త్రాధారం ఉన్నదని చెప్పలేము. స్వీడన్‌లో వాడిన దుప్పట్లు కొందరికి పదోవంతును మించే ఉండి ఉంటాయి. అయితే ఇంట్లో అల్లుకునేవారికి ఇది మంచి గరిష్ఠపరిమితి. అంతవరకూ పోవచ్చును, దాటరాదు. తగ్గితే నష్టం లేదు.

అరవై కిలోల మనిషిని తీసుకుందాము. పదోవంతు 6 కిలోలు. దుప్పటి 120 సెంటీమీటర్ల వెడల్పు, 180 సెంటీమీటర్ల పొడవు అనుకుంటే, 20 సెంటీమీటర్ల చదరపు ముక్కలు అడ్డం 6, నిలువు 9, మొత్తం 54 పడతాయి. ఆరు కిలోలను 54 ముక్కలకు పంచితే ఒక్కొక్కటి సుమారు 111 గ్రాములు తూగాలి. ఈ 111 అనే అంకెను కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకుని, తాను ఎంచుకున్న నూలుతో, తన చేతి బిగువుతో ఒక ముక్క అల్లి, వంటింటి త్రాసులో తూచి చూడాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. నూలు ఉండల మీద రాసిన బరువులు కూడి, దుప్పటి ఇంత తూగుతుందని ఊహించుకుంటారు. ఒకే నూలు, ఒకే సూది. అయినా ఒకరి చేతిలో ముక్క 25 గ్రాములు తూగితే, బిగించి అల్లే మరొకరి చేతిలో 35 తూగవచ్చును. త్రాసు తప్ప మరొకటి ప్రమాణం కాదు.

ఒక మోస్తరు లావు నూలుతో దట్టంగా అల్లిన ముక్క 30 గ్రాములు తూగిందనుకుందాము. అటువంటివి రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి, నాలుగు వైపులా అల్లి కలిపితే 60. లోపల పల్చని నూలుగుడ్డ సంచి ఒకటి, 6 గ్రాములు. మిగిలిన 45 గ్రాములూ ఆ సంచిలో గాజుపూసలు. 54 ముక్కలకు పూసలు రెండున్నర కిలోలకు కొంచెం తక్కువ. నూలు మూడుంబావు కిలోలు. ముక్కలను ఒకదానితో ఒకటి కలపడానికీ, అంచు అల్లడానికీ పట్టే నూలు బరువును కూడా మరచిపోకుండా, ఆ మేరకు పూసలు తగ్గించాలి. పూసలే వద్దు, నూలుతోనే బరువు తెస్తామనేవారు రెండు మూడు పోగులు కలిపి లావుపాటి సూదితో అల్లవచ్చును. అప్పుడు 50 గ్రాముల ఉండలు 120 కావాలి. చేతికి పట్టే శ్రమ, నూలుకు పట్టే ఖర్చు రెండూ ముందే లెక్క వేసుకోవడం మంచిది.

నూలు అన్నప్పుడు ఇక్కడ ఉద్దేశం పత్తినూలు. క్రోషియా దుప్పట్లకు మనవారు సాధారణంగా ఆక్రిలిక్ ఊలు కొంటారు. అది చవక, రంగులు ఎక్కువ. కాని ఒకే పరిమాణం గల పోగులలో పత్తి ఆక్రిలిక్ కన్నా బరువయినది. ఘన సెంటీమీటరు పత్తి పీచు సుమారు గ్రామున్నర ఉంటే, ఆక్రిలిక్ 1.2 గ్రాముల లోపే. గొర్రె ఉన్ని ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. బరువే కావలసినప్పుడు తేలిక పోగును ఎంచుకోవడం తర్కానికి నిలవదు. అంతకన్నా ముఖ్యం, పత్తి చెమటను పీల్చుకుంటుంది. విజయవాడలోనో మద్రాసులోనో ఆక్రిలిక్ దుప్పటి ఆరు కిలోలది కప్పుకోమనడం నిద్రకు చేసే సాయం కాదు. అల్లిక దుప్పటికి గల మొదటి సుగుణం ఇదే. కుట్టుకు కుట్టుకు మధ్య గాలి ఆడుతుంది. అంగడి దుప్పటి రెండు గుడ్డల నడుమ గాలి చొరదు.

కుట్టు విషయంలో ఒక చిన్న ప్రమాదం పుస్తకాలలోనే పొంచి ఉన్నది. బ్రిటిష్ పుస్తకాలు డబుల్ క్రోషియా అని పిలిచే పొట్టి కుట్టునే అమెరికన్ పుస్తకాలు సింగిల్ క్రోషియా అంటాయి. అమెరికన్ డబుల్ అంటే బ్రిటిష్ లెక్కలో ట్రెబుల్. మన దేశంలో రెండు రకాల పుస్తకాలూ తిరుగుతున్నాయి. కుట్టు పేరు ఒకటే, వచ్చే గుడ్డ వేరు: మొదటిది దళసరి, రెండవది జాలీ. మామూలు శాలువాలో ఈ పొరపాటు అందాన్ని మాత్రమే మారుస్తుంది. బరువు దుప్పటిలో కిలోల తేడా తెస్తుంది, పైగా జాలీ కన్నాలలో నుంచి లోపలి సంచి తొంగి చూస్తుంది. పేరును నమ్మక, కుట్టు వేసే తీరు చదివి పోల్చుకోవాలి. సూదిని లోపలికి గుచ్చి దారం లాగిన తరువాత, సూది మీద నిలిచిన రెండు ఉచ్చులలో నుంచీ ఒకేసారి దారం తీసే కుట్టు ఏ పుస్తకంలో ఏ పేరుతో ఉన్నా అదే ఇక్కడ కావలసినది.

సంచిలో పోసే పదార్థం గురించి ఇళ్లలో రకరకాల ఆలోచనలు పుడతాయి. ఆవాల దిండు ఎరిగినవారికి ఆవాలు తోస్తాయి. బియ్యం, పెసలు, ఎండిన చింతగింజలు, కడిగిన ఇసుక కూడా తోస్తాయి. ధాన్యమూ గింజలూ ఉతికితే ఉబ్బుతాయి, ఉతకకపోతే పురుగు పడతాయి. ఇసుక ఎంత కడిగినా దుమ్ము రాలుస్తుంది. ఇనుప బిళ్లలు తుప్పు పడతాయి. ప్లాస్టిక్ గుళికలు ఉతుకుకు ఓర్చుకుంటాయి గాని, ఘన సెంటీమీటరుకు గ్రాము కూడా తూగవు. గాజు రెండున్నర గ్రాములు తూగుతుంది. అంటే గాజు ఒక గుప్పెడు పోసే చోట ప్లాస్టిక్ దాదాపు మూడు గుప్పెళ్లు పోయాలి. దుప్పటి దిండులా ఉబ్బుతుంది. అందుచేత గాజుపూసలే మేలు. వాటిని సరాసరి అల్లికలో పోయరాదు. క్రోషియా ఎంత బిగువుగా అల్లినా వేలు దూరే సందు ఎక్కడో ఒకచోట ఉంటుంది. ముందు గుడ్డ సంచి, సంచి మూతికి రెండు వరుసల కుట్టు, ఆ తరువాతనే అల్లిక.

ఇప్పుడు అసలయిన సందర్భానికి వద్దాము. ఇళ్లలో ఈ దుప్పటి అల్లాలనుకునేవారు సాధారణంగా తమకోసం అల్లుకోరు. నిద్రపట్టక దొర్లే పిల్లవాడికోసమో, వయసు మళ్లిన తల్లికోసమో అల్లుతారు. ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లవాడు, 25 కిలోలు ఉన్నాడనుకుందాము. పదోవంతు రెండున్నర కిలోలు. అతని దుప్పటి 100 సెంటీమీటర్ల వెడల్పు, 140 పొడవు చాలును. ముక్కలు అడ్డం 5, నిలువు 7, మొత్తం 35. రెండున్నర కిలోలను 35కు పంచితే ముక్కకు 71 గ్రాములు. కాని రెండు పొరల అల్లికే 60 గ్రాములు తూగుతున్నది కదా! ముప్పై అయిదు ముక్కలకు 2,100 గ్రాములు. కలపడానికీ అంచుకూ పట్టే నూలు చేరితే రెండుంబావు కిలోలకు అటూ ఇటూగా తేలుతుంది. అంటే పిల్లవాడి దుప్పటికి పూసలు అవసరమే లేదు. అల్లిక తన బరువు తానే తెచ్చుకున్నది. ఈ లెక్క వేయకుండా, అంగట్లో చూసినదానిని అనుకరించి పూసలు కూడా పోస్తే, తెలియకుండానే పరిమితి దాటిపోతుంది.

పూసలు లేకపోవడం ఎంత మేలో చిన్నపిల్లలున్న ఇంట చెప్పనక్కర లేదు. నోట్లో పెట్టుకునే ప్రాయంలో ఇంకొక బిడ్డ ఆ ఇంట తిరుగుతుంటే, ఊడిన ఒక్క కుట్టు చాలును అనర్థానికి.

అనర్థాలు జరిగిన మాట దాచవలసిన పని లేదు. 2008లో కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో, ఆటిజం ఉన్న తొమ్మిదేళ్ల బాలుడిని బడిలో శాంతింపజేయడానికి బరువు దుప్పటిలో చుట్టారు. ఆ దుప్పటి అతని శరీరానికి తగిన బరువు కాదు. చుట్టిన తరువాత అతడు దానినుంచి బయటపడలేకపోయాడు, ప్రాణం పోయింది. చుట్టినవారికి ద్వేషం లేదు. మంచి చేస్తున్నామనే అనుకున్నారు. 2022లో అమెరికాలో నాలుగేళ్ల, ఆరేళ్ల వయసు బాలికలు ఇద్దరు, పిల్లలకోసమని అమ్మిన బరువు దుప్పటి పైగలీబులోకి దూరి, అందులోనే చిక్కుకుని మరణించారు. గలీబుకు జిప్పు ఉన్నది. విప్పి ఉతుక్కోవడానికి పెట్టిన సౌకర్యం అది. ఆ రకం దుప్పట్లు రెండు లక్షలకు పైగా అంగళ్లనుంచి వెనక్కు తీసుకున్నారు. అదే సంవత్సరం అమెరికన్ శిశువైద్యుల సంఘం, పసిబిడ్డల మీద గాని, వారి పక్కన గాని బరువు వస్త్రాలేవీ ఉంచరాదని స్పష్టంగా ప్రకటించింది.

వీటిని బట్టి అల్లేవారు నేర్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పసిబిడ్డలకు ఈ దుప్పటి ప్రసక్తే వద్దు. నడక వచ్చిన పిల్లలకు కూడా, తాము తోసివేయగలమని చేసి చూపే వయసు వచ్చేదాకా వద్దు. దుప్పటికి గలీబు కుట్టరాదు. మనిషి దూరగల సంచి ఏదీ అందులో ఉండరాదు. ఇరవై సెంటీమీటర్ల ముక్కలు రెంటిని నాలుగు వైపులా మూసివేసే అల్లిక దుప్పటిలో అటువంటి సంచికి తావు లేదు. ఇది దాని రెండవ సుగుణం. దుప్పటిని ఎవరికీ చుట్టరాదు, మంచం పట్టెల కింద దోపరాదు, తల మీదికి లాగరాదు. ఉబ్బసం, గుండెజబ్బు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, కాళ్ల తిమ్మిర్లతో స్పర్శ తగ్గిన మధుమేహం ఉన్నవారికి అల్లేముందు వైద్యుడిని అడిగి తీరాలి. కీళ్లు బిగిసిన పెద్దవారికి పదోవంతు లెక్క పనికిరాదు. వారికి ఒడిలో పరచుకునే కిలోన్నర దుప్పటి చాలును. కూర్చున్నప్పుడు మోకాళ్ల మీద ఉండే ఆ బరువును వారు ఒక్క చేత్తో పక్కకు నెట్టగలరు.

పెద్దల దుప్పటికి రెండేసి పొరల చొప్పున 108 ముక్కలు. అలవాటయిన చేయి గంటకొకటి అల్లుతుందనుకున్నా 108 గంటలు. రోజుకొక గంట చొప్పున మూడున్నర నెలలు. ఈ గంటలను లెక్కపెట్టినప్పుడు గోదావరి తీరం గుర్తుకు రావడం సహజం. పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా నరసాపురం ప్రాంతానికి చేరిన క్రోషియా లేసు, అక్కడి స్త్రీలకు తరతరాలుగా ఇంటిపట్టున చేసే పని అయింది. దారం ఇచ్చేవారు వేరు, అల్లినదానిని తీసుకుని దేశాంతరాలకు పంపేవారు వేరు. అల్లినవారికి దక్కేది ముక్కకింత అనే కూలి. వారు రోజుకు ఎన్నో గంటలు చేసే ఆ పనిని తీరిక వేళల కాలక్షేపంగా లెక్కకట్టడం వల్లనే కూలి అంత తక్కువయిందని, జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువడిన గ్రంథంలో వాదించింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. కుట్లు వేసే యంత్రాలు అల్లికను పోలినదానిని చేస్తాయేమో గాని, ఇళ్లలో మనం చూసే క్రోషియా ముక్క ప్రతి ఒక్కటీ ఎవరో ఒకరి చేతి కింద పుట్టినదే. బరువు దుప్పటిని అల్లించుకోదలచినవారు బేరమాడే ముందు, పైన చెప్పిన 108 గంటలను ఒకసారి తలచుకోవడం మర్యాద.

తమకు తామే అల్లుకునేవారికి మరొక హెచ్చరిక. దుప్పటి పెరిగినకొద్దీ దాని బరువంతా మణికట్టు మీద పడుతుంది. మామూలు దుప్పటిలా ఒక మూలనుంచి మొదలుపెట్టి వరుసలు వరుసలుగా పెంచితే, సగం అయ్యేసరికి మూడు కిలోలు ఒడిలో పెట్టుకుని ప్రతి వరుసకూ తిప్పుకోవలసి వస్తుంది. ముక్కలుగా అల్లి చివర కలపమనడానికి ఇదీ ఒక కారణమే. కలిపేటప్పుడు నేల మీద చాప పరచి, దుప్పటి కదలకుండా, మనిషే చుట్టూ జరుగుతూ కలపాలి.

ఉతుకు సంగతి చివరకు మిగిలింది. అల్లేవారు దీనిని చివరనే తలుస్తారు, తలచినప్పుడు బెంబేలెత్తుతారు. పత్తి నీటిని విపరీతంగా తాగుతుంది. పొడిగా ఉన్నప్పుడు ఆరు కిలోల దుప్పటిని తడిపిన తరువాత ఒక్కరే ఎత్తడం దుస్సాధ్యం. ఇంటి యంత్రం దానిని మోస్తుందో లేదో యంత్రం మీద రాసిన పరిమితి చూసి తెలుసుకోవాలి. దండెం మీద వేస్తే నీటి బరువుకు కుట్లు సాగి, దుప్పటి ఒక రాత్రిలో జానెడు పొడుగవుతుంది. మళ్లీ పూర్వాకారానికి రాదు. నులకమంచం ఉన్న ఇల్లు ఈ విషయంలో అదృష్టం చేసుకున్నది. కింద నుంచి గాలి తగిలేలా మంచం మీద పరచి, మధ్యలో ఒకసారి తిరగవేస్తే చాలును. లేనివారు నాలుగు కుర్చీల మీద అడ్డకర్రలు పెట్టి సరిపెట్టుకోవచ్చు. వానాకాలంలో ఉతకకపోవడమే ఉత్తమం. ఒంటికి తగిలే వైపున పల్చని పాత చీర కప్పుకుని, దాని మీద దుప్పటి వేసుకుంటే ఉతుకులు సగం తగ్గుతాయి. చీర విడిగా ఉండాలి, దుప్పటికి కుట్టరాదు.

అంచు అల్లడానికి ముందు ఒక పరీక్ష ఉన్నది. ముక్కలన్నీ కలిపిన దుప్పటిని ఎవరికోసం అల్లారో వారిని పిలిచి, వెల్లకిలా పడుకోబెట్టి, భుజాల వరకూ కప్పాలి. కొంతసేపు ఆగి, తీసివేయమనాలి. రెండు చేతులతో ఒకసారి, ఒక్క చేత్తో ఒకసారి, బోర్లా తిరిగి ఒకసారి. పిల్లలు దీనిని ఆటగా భావించి పదే పదే తోస్తారు, తోయనివ్వాలి. మరునాడు తెల్లవారుజామున, గాఢనిద్రనుంచి లేచిన మత్తులో కూడా తోయగలుగుతున్నారో లేదో చూడాలి. పగటి బలం వేరు, నిద్రమత్తులోని బలం వేరు.

తోయలేకపోతే బరువు తగ్గించాలి. ఇన్ని నెలలు అల్లిన చేతికి ఈ మాట రుచించదు. అయినా అల్లికకు గల మూడవ సుగుణం ఇక్కడే పనికివస్తుంది. కుట్టిన దుప్పటిని తేలిక చేయాలంటే కత్తెర పట్టాలి. క్రోషియాలో చివరి ముడి విప్పి దారం కొస పట్టుకుని లాగితే, కుట్టు వెంట కుట్టు ఊడివస్తుంది. పక్కల రెండు వరుసల ముక్కలు విడదీసి, ఆ దారాన్ని మళ్లీ ఉండగా చుట్టుకుంటే, పిల్లవాడి దుప్పటి మీద తొమ్మిది వందల గ్రాముల దాకా తగ్గుతుంది. దుప్పటి బాగా సన్నబడుతుంది.  మిగిలిన నూలుతో అంచు అల్లుకోవచ్చు.